హన్మకొండ నుంచి పశ్చిమ కెన్యా దాకా: యువ మిషనరీల కోసం రోజువారీ జీవిత మార్గదర్శి

విదేశీ సేవకు వెళ్లాలన్న భారం ఉందని చెప్పే పిల్లలకు మన సంఘాలు చాలానే నేర్పుతాయి. వాక్యం ఎలా పంచాలో, సాక్ష్యం ఎలా చెప్పాలో, ఉపవాస ప్రార్థన ఎలా నడిపించాలో చెప్తారు. పొద్దున్నే లేచాక నీళ్లు ఎక్కడ పట్టుకోవాలో, పక్కింటివాళ్లను ఎలా పలకరించాలో, డబ్బు అడిగినవాళ్లకు ఏం చెప్పాలో, జ్వరమొస్తే ఎన్ని గంటల్లో పరీక్ష చేయించుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. అక్కడ గడిచే రోజుల్లో ఎక్కువ భాగం వీటితోనే నిండిపోతుంది. నేను కొంతకాలం పశ్చిమ కెన్యాలో సేవ చేశాను కాబట్టి ఆ దేశాన్నే ముందు పెట్టుకుని రాస్తున్నాను.

కెన్యాలో అత్యధికులు క్రైస్తవులు. మీరు దిగే ఊళ్లో మీకంటే ముందే పాస్టర్ ఉన్నాడు, పెద్దలున్నారు, సండే స్కూల్ టీచర్లున్నారు, ఏళ్ల తరబడి మందిరం ఊడుస్తున్న అమ్మలున్నారు. వాళ్ల చేతికింద పనిచేయడానికి మనసొప్పితేనే వెళ్లండి. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ మాట మీదే ఆధారపడి ఉంది.

మొదటి అడుగు: ముందు డోర్నకల్ వెళ్లి రండి

పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టకముందే ఈ పని చేయమంటాను. కాజీపేటలో రైలెక్కితే డోర్నకల్ దూరమేమీ కాదు. వి.ఎస్. అజరయ్య గారు తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1903లో అక్కడి క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో ఇండియన్ మిషనరీ సొసైటీని పెట్టుకున్నప్పుడు ముందు నిలిచినవాళ్లలో ఆయన ఒకరు. 1909లో ఆయనే మిషనరీగా నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చారు. తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల నుంచి మొదటి బిషప్ అయ్యారు. గోపురాలు, స్తంభాలు మన దేశపు కట్టడాల తీరులో ఉన్న డోర్నకల్ కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ ఆయన పాశ్చాత్య మిషనరీల ముందు నిలబడి, మీరు పేదలకు మీ ఆస్తులిచ్చారు, మీ శరీరాలనే అర్పించారు, ఇప్పుడు మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. ఆ మాట అడిగిన జనం మనం. ఇప్పుడు మీరు బయల్దేరుతున్నారంటే ఆ మాట వినాల్సిన వైపుకు మారారన్నమాట. దీన్ని లోపలికి దించుకోకుండా విమానం ఎక్కకండి.

మీ ఊళ్లో డెబ్బై ఏళ్లు దాటిన అవ్వనో తాతనో కూర్చోబెట్టి, చిన్నప్పుడు చూసిన విదేశీ దొరల గురించి, దొరసానుల గురించి, సిస్టర్ల గురించి అడగండి. కాజీపేట ఫాతిమానగర్ వైపు కథోలిక కుటుంబాల్లో ఇటలీ నుంచి వచ్చిన గురువుల కబుర్లు ఇంకా వినిపిస్తాయి. నేను అడిగినప్పుడు ప్రసంగాలు గుర్తున్నాయని ఒక్కరూ అనలేదు. ఎవరి ఇంట్లో తిన్నారు, ఎవరి పేరు పెట్టి పిలిచారు, ఎవరు గుమ్మం బయటే నిలబడిపోయారు, ఇవే చెప్పారు. ఆ జవాబులు నోట్‌బుక్‌లో రాసుకోండి. అక్కడ మీ గురించి కూడా ఇలాగే గుర్తుపెట్టుకుంటారు.

రెండో అడుగు: కాగితాలు

కెన్యాలో అడుగుపెట్టాలంటే ఆన్‌లైన్‌లో ముందుగా ఇచ్చే ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి తీసుకోవాలి. 2024 జనవరి నుంచి పాత వీసా పద్ధతి బదులు ఇదే నడుస్తోంది. ఇది చూసి రావడానికి ఇచ్చే అనుమతి, దీని మీద సేవ చేయకూడదు. మత, ధర్మ కార్యాలకు వచ్చేవాళ్లకు అక్కడ ‘క్లాస్ ఐ’ అనే పర్మిట్ ఉంది. దాన్ని మీ తరఫున అడగాల్సింది అక్కడ రిజిస్టరైన సంఘం. మూడు నెలలకు మించి ఉండేవాళ్లు విదేశీయుల గుర్తింపు కార్డు కూడా తీసుకోవాలి. ‘ముందు వచ్చెయ్యండి, మిగతాది తర్వాత చూసుకుందాం’ అని ఎవరైనా అంటే ఆగండి. పర్మిట్ లేకుండా మందిరంలో నిలబడితే ఇబ్బంది మీ ఒక్కరితో పోదు, మిమ్మల్ని పిలిచిన పాస్టర్ గారి మెడకూ చుట్టుకుంటుంది.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు పాస్‌పోర్ట్ సేవా వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. డిగ్రీ సర్టిఫికెట్లకు ఎలాంటి ధ్రువీకరణ కావాలో మిమ్మల్ని పిలిచిన కెన్యా సంఘాన్ని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. పంపే సంఘ పెద్దలకూ ఒక మాట: ట్రస్టుగా రిజిస్టరైన సంఘం తన ఆదాయాన్ని దేశం బయట ఖర్చు పెడితే ఆదాయపు పన్ను మినహాయింపు దగ్గర చిక్కు వస్తుంది. మొదటి నెల డబ్బు పంపకముందే చార్టర్డ్ అకౌంటెంట్‌ దగ్గర కూర్చోండి.

మూడో అడుగు: ఒంటి సంగతి

ఎల్లో ఫీవర్ టీకా తప్పదు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. పసుపు రంగు కార్డు ఇస్తారు. టీకా వేసుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది కాబట్టి ప్రయాణానికి ముందురోజు పరుగెత్తితే లాభం లేదు. 2016 నుంచి ఆ కార్డు జీవితాంతం చెల్లుతుంది. కార్డు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అధికారం మన ప్రభుత్వానికి ఉంది. గుడ్డు పడనివాళ్లు, గర్భిణులు ముందే డాక్టర్‌కు చెప్పాలి. టైఫాయిడ్, హెపటైటిస్ టీకాల గురించి కూడా అప్పుడే అడగండి.

అసలు భయపడాల్సింది మలేరియాకు. నైరోబీ బాగా ఎత్తున ఉంటుంది, అక్కడ ప్రమాదం తక్కువ. విక్టోరియా సరస్సు చుట్టుపక్కల, అంటే కిసుము, కకమెగా వైపు, మలేరియా ఏడాది పొడవునా ఉంటుంది. అక్కడ ఎక్కువగా కనిపించేది ఫాల్సిపారం రకం, మెదడుకు ఎక్కేది అదే. ఏటూరునాగారం ఏజెన్సీలో పనిచేసినవాళ్లకు దీని సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ముందు జాగ్రత్తగా ఏ మందు వాడాలో డాక్టర్ నిర్ణయిస్తారు, మీరు చేయాల్సింది దాన్ని మధ్యలో మానకపోవడం. రోజూ దోమతెర కిందే పడుకోండి. జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. ‘ప్రార్థన చేస్తున్నాం కదా, రేపు చూద్దాం’ అనే మాట వద్దు. ప్రార్థన చేస్తూనే ఆసుపత్రికి నడవొచ్చు.

నాలుగో అడుగు: పెట్టె సర్దుకోవడం

2017 ఆగస్టు నుంచి కెన్యాలో పాలిథిన్ క్యారీ బ్యాగులు నిషేధం. శిక్షలు చాలా కఠినం. మన అమ్మలు తొక్కును ఒక కవర్‌లో, ఆ కవర్‌ను ఇంకో కవర్‌లో చుట్టి, పైన రబ్బరు బ్యాండు బిగిస్తారు. అవన్నీ ఇంట్లోనే విప్పించి గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాల్లోకి మార్చండి. కారంపొడి, పసుపు, ఎల్లిపాయ కారం, సకినాలు సరిపోతాయి. విత్తనాలు, పచ్చి కూరగాయలు పెట్టుకోకండి.

ఆఫ్రికా అనగానే ఎండలని మనవాళ్ల ఊహ. మే నెలలో వరంగల్ రోడ్ల మీద తిరిగినవాళ్లకు పశ్చిమ కెన్యా ఎండ ఒక లెక్కలోది కాదు. జులైలో ఎత్తు ప్రాంతాల్లో మాత్రం వణుకు పుడుతుంది, రెండు స్వెటర్లు కావాలి. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చిన్న వానలు. కకమెగా వైపు మధ్యాహ్నం దాటాక వాన పడటం మామూలే. ప్లగ్గులు మందపాటి నలుచదరపు మూడు పుల్లలవి, అడాప్టర్ తీసుకెళ్లండి.

ఆదివారం కోసం ఇస్త్రీ చేసిన పూర్తి చేతుల చొక్కాలు, పాలిష్ చేసిన బూట్లు ఉండాలి. మట్టిరోడ్ల మీద బురద తొక్కుకుంటూ వచ్చినా అక్కడివాళ్లు మందిరం గుమ్మం దగ్గర బూట్లు తుడుచుకుని మెరిసిపోతూ లోపలికి వస్తారు. సేవకుడు సాదాగా ఉండాలని నలిగిన టీషర్టులో వెళ్తే వాళ్లను తేలిగ్గా తీసుకున్నట్టు అనుకుంటారు. ఆడపిల్లలకు చీరలు రెండు చాలు, మిగతా రోజుల్లో చుడీదార్ నడుస్తుంది.

ఐదో అడుగు: గడియారాన్ని, రోజును సరిచేసుకోవడం

కెన్యా మనకంటే రెండున్నర గంటలు వెనక. అసలు తికమక అది కాదు. భూమధ్యరేఖ దగ్గర పొద్దు ఏడాదంతా దాదాపు ఒకే వేళకు పొడుస్తుంది కాబట్టి అక్కడి స్వాహిలీ భాషలో గంటలను పొద్దు పొడుపు నుంచి లెక్కిస్తారు. మన పొద్దున ఏడు వాళ్లకు ‘సా మోజా’, అంటే ఒకటో గంట. స్వాహిలీలో ఎవరైనా సమయం చెప్తే దానికి ఆరు కలపండి. ఇంగ్లిష్‌లో చెప్తే మన లెక్కే. ఏ లెక్కలో చెప్తున్నారో ప్రతిసారీ అడిగి రూఢి చేసుకోవడంలో తప్పు లేదు.

మొదటి మూడు నెలల రోజు ఎలా ఉండాలో చెప్తాను. ఐదున్నరకు లేవండి. అప్పుడు హన్మకొండలో ఎనిమిది. వెలుతురు రాకముందే ఏకాంత ప్రార్థన, వాక్యం ముగించండి, ఎందుకంటే తెల్లారాక ఇల్లు మీది కాదు, మనుషులు వస్తూనే ఉంటారు. రేకుల కప్పు మీది వాననీళ్లు ట్యాంకులో పడతాయి. వాటిని కాచి చల్లార్చి తాగాలి. వంట చాలా ఇళ్లలో బొగ్గుల కుంపటి మీదే, దాన్ని ‘జికో’ అంటారు. చలిగా ఉందని వెలుగుతున్న జికోను పడకగదిలో పెట్టి తలుపులు మూయకండి. దాని నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పొద్దున రెండు గంటలు భాష నేర్చుకోవాలి. స్వాహిలీ అందరికీ నడుస్తుంది, ఇంటి మాట మాత్రం కిసుము వైపు లువో, కకమెగా వైపు లుహ్యా. పాఠం చెప్పే టీచర్ ఒకరుండాలి, ఆ పాఠాన్ని వాడి చూసే సంత ఒకటుండాలి. నేను టమాటాలు అమ్మే ఒక అమ్మ దగ్గర రోజూ కాసేపు కూర్చునేవాణ్ని. ఆమె నా తప్పులు దిద్దేది, చుట్టూ ఉన్న పిల్లలు నవ్వేవారు. లెక్కలు, పలకరింపులు, బంధువుల వరసలు నాకు అక్కడే వచ్చాయి.

మధ్యాహ్నం పాస్టర్ గారితో ఇళ్లు తిరగండి. మొదటి మూడు నెలలు ప్రసంగం ఒప్పుకోకండి. అడుగుతారు, ఎందుకంటే అతిథికి మాట ఇవ్వడం వాళ్ల మర్యాద. ‘ఇంకా నేర్చుకుంటున్నాను’ అని వినయంగా చెప్పి పలకరింపుతో సరిపెట్టుకోండి. కుర్చీలు మోయడం, పాటలు నేర్చుకోవడం, మీటింగ్ నడిచే తీరు చూడటం, ఆ మూడు నెలల సేవ ఇదే. కొందరు పిల్లలకు ఇది నచ్చదు, ఇంత దూరం ఊరికే కూర్చోవడానికి వచ్చామా అంటారు. చూడకుండా మాట్లాడినవాళ్ల మాట ఏ ఊళ్లోనూ నిలవదు.

ఏ ఇంటికి వెళ్లినా గుమ్మం బయట నిలబడి ‘హోది’ అనాలి. లోపలి నుంచి ‘కరీబు’ అని వినిపించాకే అడుగు పెట్టాలి. ఆరోగ్యం, పిల్లలు, పంట, అన్నీ అడిగాకే అసలు పని మాట. ఎవరికైనా దెబ్బ తగిలినా, నష్టం జరిగినా ‘పోలే’ అంటారు. ఆ మాట మొదటి రోజే నేర్చుకోండి.

ఆరో అడుగు: మిమ్మల్ని ఎవరనుకుంటారో తెలుసుకోండి

వీధిలో పిల్లలు మిమ్మల్ని చూసి ‘ముహింది’ అంటారు, అంటే భారతీయుడు. 1896 నుంచి 1901 దాకా మొంబాసా నుంచి విక్టోరియా సరస్సు వరకు బ్రిటిష్‌వాళ్లు వేసిన రైలుమార్గానికి మన దేశం నుంచి ముప్పై వేలకు పైగా కూలీలను తీసుకెళ్లారు. ఆ తర్వాత వెళ్లినవాళ్లలో చాలామంది దుకాణాలు పెట్టారు. అందుకని ఊళ్లలో భారతీయుడంటే దుకాణం యజమాని, గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి, జీతమిచ్చే బాస్. మీరు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర కౌలురైతు బిడ్డ కావచ్చు, ఆ సంగతి వాళ్లకెలా తెలుస్తుంది?

దీన్ని మాటలతో చెరపలేరు. బోడాబోడా అనే కిరాయి మోటార్‌సైకిల్ నడిపే కుర్రాడితో బేరమాడే తీరులో, ఇంట్లో పనికి సాయం వచ్చిన మనిషితో కలిసి తినడంలో, కింద కూర్చోమంటే కూర్చోవడంలో అది మెల్లగా పోతుంది. మన దగ్గర కులం పేరుతో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారో, ఎవరికి విడిగా గ్లాసు పెట్టారో మీకు తెలుసు. మన సంఘాల్లో చాలామంది తాతలు ఆ అవమానాన్ని దాటి వచ్చినవాళ్లే. ఒక నల్లజాతి సోదరుడి ఇంట్లో నీళ్లు తాగడానికి మీలో ఏ మూలైనా సందేహం కదిలితే, అది తీరేదాకా ఇక్కడే ఉండండి. ఈ విషయంలో మెత్తగా మాట్లాడటం నాకు చేతకాదు.

బోడాబోడా ఎక్కితే హెల్మెట్ అడగండి, రాత్రి పూట ఎక్కకండి.

ఏడో అడుగు: తిండి

రోజువారీ భోజనం ఉగాలీ. మక్కపిండిని మరిగే నీళ్లలో గట్టిగా కలిపి ముద్ద చేస్తారు. మన మక్క గట్క కంటే గట్టిగా ఉంటుంది, ఉప్పు వేయరు. కుడిచేత్తో చిన్న ముద్ద తీసి బొటనవేలితో గుంట చేసి, సుకుమా వికీ అనే ఆకుకూరనో చేపల పులుసునో అందులో ఎత్తుకుని తినాలి. తినే ముందు ఇంటివాళ్లలో ఒకరు చెంబుతో నీళ్లు పోసి చేతులు కడిగిస్తారు. చపాతీ పండుగ తిండి, మీకోసం చేశారంటే అది గౌరవం. తీసుకెళ్లిన తొక్కును మొదటి నెల విందుల్లో బయటికి తీయకండి. వాళ్ల కూర మీద కారం చల్లుకుంటే వంట బాలేదన్నట్టు అనిపిస్తుంది. స్నేహం కుదిరాక మీ ఇంటికి పిలిచి సర్వపిండి చేసి పెట్టండి.

ఎనిమిదో అడుగు: ఆదివారం

ఆరాధన మూడు గంటలు దాటినా ఆశ్చర్యపోకండి. కొత్తవాళ్లను లేపి పరిచయం చేసుకోమంటారు. పేరు, దేశం, పంపిన సంఘం పలకరింపులు, అంతే చెప్పి కూర్చోండి. కానుకగా గుడ్లు, మక్కలు, కోడి తెచ్చేవాళ్లుంటారు, ఆరాధన తర్వాత వాటిని వేలం వేస్తారు. మన కోత పండుగ వేలాలు చూసినవాళ్లకు అది ఇంటి సంగతే. వేలంలో పాడండి, కానీ ఊళ్లోవాళ్లను మించి పాడకండి. మందిరం రేకులకో, ఎవరి ఆసుపత్రి ఖర్చుకో అందరూ కలిసి వేసుకునే చందాను ‘హరంబీ’ అంటారు. అందులో మీ వాటా సంఘంలోని ఒక టీచర్ ఇచ్చేంత ఉంటే చాలు.

తొమ్మిదో అడుగు: డబ్బు

దిగగానే పాస్‌పోర్టు చూపించి సిమ్ తీసుకుని ఎం-పెసా తెరవండి. 2007లో మొదలైన ఈ ఫోన్ డబ్బు పద్ధతి లేకుండా అక్కడ కూరగాయలు కూడా కొనలేరు. పిన్ ఎవరికీ చెప్పకండి.

మూడు విడతల బడి సంవత్సరం జనవరిలో మొదలవుతుంది. ప్రతి విడత మొదట్లో ఫీజు కోసం మీ గుమ్మం దగ్గరికి మనుషులు వస్తారు. అవసరం నిజమే. మనసు కరుగుతుంది, కరగాలి కూడా. అయినా చేతికి చేయి డబ్బు ఇవ్వకండి. ఒకరికి ఇస్తే మిగతావాళ్లకు ఎందుకివ్వలేదో చెప్పలేరు. మీరు వెళ్లిపోయాక ఆ పిల్లాడి రెండో ఏడాది ఫీజు ఎవరు కడతారు? సంఘంలో పెద్దలు, స్త్రీల సమాజం కలిసి నిర్ణయించే ఒక నిధి పెట్టించండి, మీరివ్వగలిగింది పేరు లేకుండా అందులో వేయండి. అడిగినవాళ్లకు ‘పాస్టర్ గారితో కలిసి మాట్లాడదాం’ అని చెప్పి నిజంగానే వెంట నడవండి.

పదో అడుగు: తోడు, ఇల్లు, ఒంటరితనం

ఇద్దరిని కలిపి పంపితే మంచిది. వంట, బట్టలు, నీళ్లు ఎవరి వంతు ఎప్పుడో మొదటి వారమే రాసుకోండి. శుక్రవారం సాయంత్రం కూర్చుని ఆ వారం నొచ్చుకున్న సంగతులు చెప్పుకుని, ప్రార్థన చేసి లేవండి. పిల్లలతో ఎప్పుడూ నలుగురు చూసే చోటే కూర్చోండి, ఒక్క పిల్లతోనో పిల్లాడితోనో గదిలో ఉండకండి.

ఇంటికి వారానికి రెండు రోజులు, సాయంత్రం ఐదున్నరకు ఫోన్ చేయండి. ఇక్కడ ఎనిమిది అవుతుంది, అమ్మ, బాపు ఇద్దరూ ఇంట్లో ఉంటారు. రోజూ గంటలు గంటలు మాట్లాడితే మనసు హన్మకొండ చౌరస్తాలోనే ఉండిపోతుంది. కొత్త తీరాక ఒక దిగులు వస్తుంది. భాష రాదు, పని కనిపించదు, ప్రార్థన కూడా పొడిగా ఉంటుంది. దాన్ని విశ్వాసం లేకపోవడం అనుకోకండి. నిద్ర, తిండి, నడక సరిచూసుకోండి, తెలుగులో కాసేపు పాడుకోండి, అక్కడి పాస్టర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పండి. ఎక్కువ రోజులు నిద్ర పట్టకపోతే డాక్టర్‌ను కలవాలి. పంపిన సంఘం కూడా నెలకోసారి ‘ఎంతమందికి సువార్త చెప్పారు’ అనే కంటే ముందు ‘ఎలా ఉన్నారు’ అని అడగాలి.

పదకొండో అడుగు: ప్రార్థన ఉత్తరం, ఫొటోలు

నెలకు ఒక ఉత్తరం చాలు. అందులో జరగనిది రాయకండి. చినిగిన చొక్కా వేసుకున్న పిల్లాడి ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఒకప్పుడు మన వాడల ఫొటోలు కూడా ఏ దేశపు సంఘాలకో వెళ్లే ఉంటాయి, వాటిలో ఉన్నవాళ్లను ఎవరూ అడిగి ఉండరు. మీరు అడగండి. పెద్దల ఒప్పుకోలు లేకుండా పిల్లల ముఖాలు వద్దు. ఉత్తరం పంపేముందు పాస్టర్ గారికి ఇంగ్లిష్‌లో చదివి వినిపించండి. ఆయన ముందు చదవలేని వాక్యం ఏదైనా ఉంటే కొట్టేయండి.

చివరి అడుగు: తిరిగి రావడం

తిరిగి రావడానికి ఆరు నెలల ముందు నుంచే మీ పనులు ఒక్కొక్కటిగా అక్కడివాళ్లకు అప్పగించండి. ఆఖరి నెలలో మీరు లేకపోయినా సండే స్కూల్ నడవాలి. చేబదుళ్లు, అద్దె, నిధి లెక్కలు రాసి పెద్దల సంతకాలు తీసుకోండి. మలేరియా మందు తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు వాడాల్సి ఉంటుంది, ఎన్నాళ్లన్నది మందును బట్టి డాక్టర్ చెప్తారు. తర్వాత ఏడాది లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో గానీ ఇంకెక్కడ గానీ ఓపీ చీటీ రాసేటప్పుడే ‘కెన్యా నుంచి వచ్చాను, మలేరియా పరీక్ష చేయండి’ అని మీరే ముందు చెప్పండి.